రేడియో హెలికాప్టర్‌లో రిసీవర్ బ్యాటరీ: ఎంపిక, పరిశీలన

రేడియో తరంగాలతో నడిపే నమూనా హెలికాప్టర్‌కు రెండు విధాలైన శక్తి అవసరం. మొదటిది రెక్కలను తిప్పే శక్తి. ఇది ఇంధనంతో నడిచే ఇంజను నుండి గాని, పెద్ద బ్యాటరీతో నడిచే మోటారు నుండి గాని లభిస్తుంది. రెండవది రెక్కల వాలును క్షణక్షణమూ మార్చుతూ యంత్రాన్ని అదుపులో ఉంచే శక్తి. దీనిని అందించేదే రిసీవర్ బ్యాటరీ. గాలిలో ఉండగా ఇంజను ఆగిపోయినా, నేర్పు గలవాడు రెక్కలలో మిగిలిన వేగంతోనే హెలికాప్టర్‌ను నేలకు దింపగలడు. రిసీవర్ బ్యాటరీ ఆగిపోతే ఎంతటి నేర్పరి అయినా చేయగలిగేది ఏమీ ఉండదు. నమూనా విమానమైతే అదుపు తప్పిన తరువాత కూడా కొంతసేపు గాలిలో తేలవచ్చు. హెలికాప్టర్‌కు ఆ స్వభావం లేదు.

ఎన్.సి.సి. వైమానిక విభాగంలోని విద్యార్థులు నమూనా విమానాల తయారీని, వాటిని ఎగరవేయడాన్ని శిక్షణలో భాగంగా నేర్చుకుంటారు. పట్టణాల ఇంజనీరింగ్ కళాశాలలలో చదివే పిల్లలకు కూడా ఈ అభిరుచి అలవడుతుంది. సెలవులలో ఆ యంత్రం ఊరికి వస్తే, ఎగిరేది ఊరి బయటి బీడులో. దాని బ్యాటరీ ఛార్జి అయ్యేది మన వంటింటి గోడకున్న ప్లగ్గులో. మన సరిహద్దు గ్రామాల పిల్లలు కన్నడంలోనో, తమిళంలోనో, ఒరియాలోనో, మరాఠీలోనో చదువుకొంటారు. బ్యాటరీతో వచ్చే కాగితం ఆంగ్లంలో ఉంటుంది. ఇంటిలో పెద్దలు మాట్లాడేది తెలుగు. అందువల్ల ఎగరవేసే పిల్లలకూ, వారిని కనిపెట్టి ఉండే పెద్దలకూ ఉపయోగపడేటట్లు ఈ విషయాన్ని తెలుగులో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రమాదం ఎంతటిది?

600 మిల్లీమీటర్ల రెక్కలు గల హెలికాప్టర్‌ను తీసుకొందాం. రెక్కలు, మధ్య భాగం కలిపి తిరిగే చక్రం వ్యాసం సుమారు 1.35 మీటర్లు. నిమిషానికి 2000 చుట్లు తిరిగితే రెక్క కొన సెకనుకు సుమారు 141 మీటర్ల వేగంతో, అనగా గంటకు సుమారు 509 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. అదుపు తప్పిన అటువంటి రెక్క తగిలితే మనిషికి ప్రాణాంతకం కావచ్చు. కనుక దీనిని ఆటబొమ్మగా భావించరాదు.

బ్యాటరీపై పడే భారం

రిసీవర్ స్వయంగా వాడుకొనే విద్యుత్తు చాలా తక్కువ. అసలు భారం సర్వోలది. సర్వో అంటే రిసీవర్ ఆజ్ఞను అనుసరించి ఒక చిన్న చేతిని కావలసినంత మేరకు తిప్పే మోటారు పెట్టె. నేటి హెలికాప్టర్లలో ఎక్కువ భాగం మూడు సర్వోలు కలిసి ప్రధాన రెక్కల వాలును మార్చుతాయి. ఒకటి తోక రెక్కలను నడుపుతుంది. ఇంజను ఉన్నవాటిలో మరొకటి ఇంధనాన్ని నియంత్రిస్తుంది. తోక ఒకే దిక్కున నిలిచేటట్లు చూసే గైరో అనే పరికరం తోక సర్వోను నిరంతరం కదిలిస్తూనే ఉంటుంది. హెలికాప్టర్ గాలిలో ఒకే చోట నిలిచి ఉన్నట్లు కనిపించినప్పుడు కూడా దాని సర్వోలకు విశ్రాంతి ఉండదు.

కదలకుండా ఉన్న సర్వో కొద్ది మిల్లీ ఆంపియర్లే తీసుకొంటుంది. భారానికి ఎదురుగా ఒక్కసారిగా కదిలే శక్తిమంతమైన డిజిటల్ సర్వో ఆంపియర్ల లెక్కన తీసుకొంటుంది. అన్నీ ఒకే క్షణంలో కదిలితే ఆ మొత్తం అనేక ఆంపియర్లకు చేరుతుంది. ఆ క్షణంలో తన వోల్టేజీని నిలుపుకోగలిగినదే మంచి రిసీవర్ బ్యాటరీ.

చిన్న, మధ్య తరహా విద్యుత్ హెలికాప్టర్లలో ప్రధాన బ్యాటరీ వోల్టేజీని తగ్గించి రిసీవర్‌కు ఇచ్చే ఏర్పాటు మోటారు నియంత్రకంలోనే ఉంటుంది. వాటికి వేరే బ్యాటరీ అక్కరలేదు. ఇంజనుతో నడిచేవాటికీ, ఆ ఏర్పాటు లేని పెద్ద విద్యుత్ హెలికాప్టర్లకూ ప్రత్యేక రిసీవర్ బ్యాటరీ అవసరం.

చీటీ మీది వోల్టేజీ, భారం మీది వోల్టేజీ

బ్యాటరీ చీటీ మీద 4.8 వోల్టులు అని ఉన్నంత మాత్రాన రిసీవర్‌కు 4.8 వోల్టులు చేరవు. ప్రతి బ్యాటరీకి లోపల కొంత నిరోధం ఉంటుంది. తీగలకు, స్విచ్చికి, జోడు ముక్కలకు కూడా ఉంటుంది. పాఠశాలలో చదివే ఓమ్ సూత్రం ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: కోల్పోయే వోల్టేజీ, ప్రవాహాన్ని నిరోధంతో గుణించినంత.

ఉదాహరణకు నాలుగు నికెల్ సెల్లుల బ్యాటరీ అంతర్నిరోధం 0.15 ఓమ్ అనీ, తీగలు, స్విచ్చి కలిపి మరో 0.05 ఓమ్ అనీ అనుకొందాం. మొత్తం 0.2 ఓమ్. సర్వోలన్నీ కలిసి 5 ఆంపియర్లు తీసుకొన్న క్షణంలో 5 × 0.2 = 1 వోల్టు దారిలోనే పోతుంది. అప్పుడు రిసీవర్‌కు చేరేది 3.8 వోల్టులు. చాలా భాగం వాడిన తరువాత అదే బ్యాటరీ 4.4 వోల్టుల వద్ద ఉంటే రిసీవర్‌కు చేరేది 3.4 వోల్టులు మాత్రమే.

ఈ స్వల్ప భేదమే ప్రాణాంతకం. 2.4 గిగాహెర్ట్‌జ్ రిసీవర్ లోపల ఒక చిన్న కంప్యూటర్ ఉంటుంది. ఇటువంటి రిసీవర్లలో అనేకం సుమారు 3.5 వోల్టులకు దిగువన పని మానివేస్తాయి. వోల్టేజీ తిరిగి పెరిగినప్పుడు మళ్లీ మొదటి నుండి ప్రారంభమై ట్రాన్స్‌మిటర్‌ను వెతుక్కోవాలి. దీనినే బ్రౌన్-అవుట్ అంటారు. తొలినాటి 2.4 గిగాహెర్ట్‌జ్ రిసీవర్లలో కొన్నింటికి దీనికి కొన్ని సెకన్లు పట్టేది. తరువాతి నమూనాలలో ఆ కాలం బాగా తగ్గింది. అయినా తలకిందులుగా ఎగురుతున్న హెలికాప్టర్‌కు ఒక్క సెకను ఆలస్యమైనా నేలను తాకడానికి చాలు. కూలిన తరువాత మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ మామూలు వోల్టేజీనే చూపుతుంది, ఎందుకంటే అప్పుడు దానిపై భారం లేదు. బ్యాటరీ దోషాన్ని రేడియో దోషంగా పొరబడటానికి కారణం ఇదే.

కాబట్టి బ్యాటరీ విషయంలో అడగవలసిన ప్రశ్నలు రెండు. భారం పడినప్పుడు ఎంత వోల్టేజీ నిలుస్తుంది? పూర్తి ఛార్జిలో ఇంకా ఎంత మిగిలి ఉన్నది?

బ్యాటరీ రకాలు

నికెల్-కాడ్మియం: ఒక్కొక్క సెల్లు 1.2 వోల్టులు. నాలుగు సెల్లులకు 4.8, ఐదింటికి 6 వోల్టులు. అంతర్నిరోధం తక్కువ, మొరటు వాడకాన్ని తట్టుకొంటుంది. అయితే కాడ్మియం విషలోహం. ఈ రకం వాడుక నేడు బాగా తగ్గిపోయింది.

నికెల్-మెటల్ హైడ్రైడ్: వోల్టేజీ పై దానితో సమానమే. అదే పరిమాణంలో ఎక్కువ సామర్థ్యం ఉంటుంది. సాధారణ రకం వాడకుండా ఉంచినా తనంతట తానే ఛార్జి కోల్పోతుంది. కిందటి నెలలో నింపి పెట్టినదానిని నిండుగా ఉన్నదని నమ్మి ఎగరవేయరాదు. ఈ లోపాన్ని చాలావరకు తగ్గించిన ఎనిలూప్ సెల్లులను జపాన్‌కు చెందిన సాన్యో సంస్థ 2005లో విడుదల చేసింది. అటుతరువాత ఇతర సంస్థలూ ఇటువంటివి తెచ్చాయి. చిన్న, గోడగడియారంలో వేసే పరిమాణం గల సెల్లులకు అంతర్నిరోధం ఎక్కువ. శక్తిమంతమైన డిజిటల్ సర్వోలున్న పెద్ద హెలికాప్టర్‌కు అవి చాలవు.

లిథియం-పాలిమర్: సెల్లు సాధారణ వోల్టేజీ 3.7, నిండినప్పుడు 4.2. రెండు సెల్లుల బ్యాటరీ 7.4 వోల్టులు, నిండినప్పుడు 8.4. తేలికైనది, ఎక్కువ ప్రవాహాన్ని ఇవ్వగలదు. కాని సాధారణ సర్వోలు ఈ వోల్టేజీని తట్టుకోలేవు. అధిక వోల్టేజీ సర్వోలైనా ఉండాలి, లేదా వోల్టేజీని తగ్గించే రెగ్యులేటర్ అయినా ఉండాలి. సాధారణ లీనియర్ రెగ్యులేటర్ అదనపు వోల్టేజీని వేడిగా మార్చుతుంది. 8.4 నుండి 6 వోల్టులకు తగ్గించి 2 ఆంపియర్లు ఇస్తే 2.4 × 2 = 4.8 వాట్ల వేడి పుడుతుంది. అందుకే దానికి గాలి తగిలే చోటు చూడాలి. పొడుచుకొన్నా, అతిగా ఛార్జి అయినా ఈ బ్యాటరీ మండిపోయే ప్రమాదం ఉన్నది.

లిథియం-ఐరన్-ఫాస్ఫేట్: దీనిని వాడుకలో లైఫ్ అంటారు. ఈ పదార్థం బ్యాటరీకి పనికివస్తుందని తెలిపిన పరిశోధన పత్రాన్ని అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయం నుండి పాఢి, నంజుండస్వామి, గుడెనఫ్ 1997లో ప్రచురించారు. వారిలో జాన్ గుడెనఫ్‌కు లిథియం-అయాన్ బ్యాటరీల అభివృద్ధికి చేసిన కృషికిగాను 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో కలిపి ఇచ్చారు. లైఫ్ సెల్లు సాధారణ వోల్టేజీ సుమారు 3.3, నిండినప్పుడు 3.6. రెండు సెల్లులకు 6.6 వోల్టులు. ఈ వోల్టేజీని తట్టుకొనే సర్వోలకు రెగ్యులేటర్ లేకుండానే తగిలించవచ్చు. లిథియం-పాలిమర్ కంటె బరువు కొంత ఎక్కువ, మండే గుణం తక్కువ. రిసీవర్ పనికి ఇది బాగా సరిపడే రకం. దీనిలో ఒక చిక్కు ఉన్నది, దానిని ముందు వివరిస్తాము.

ఏ రకం కొన్నా ముందుగా సర్వోల పత్రం చదవాలి. ప్రతి సర్వోకు గరిష్ఠ వోల్టేజీ వేరు. ముఖ్యంగా పాత తోక సర్వోలలో కొన్ని 4.8 వోల్టులకే పరిమితం. అయిదు నికెల్ సెల్లుల బ్యాటరీ ఛార్జర్ నుండి తీసిన వెంటనే 7 వోల్టులకు పైగా చూపవచ్చునని కూడా గుర్తుంచుకోవాలి. సర్వోలన్నింటిలో ఏది అతి తక్కువ తట్టుకొంటుందో దానిని బట్టి బ్యాటరీని గాని, రెగ్యులేటర్‌ను గాని ఎంచుకోవాలి.

ఎంత సామర్థ్యం కావాలి?

సామర్థ్యాన్ని మిల్లీ ఆంపియర్-గంటలలో చెబుతారు. దీనిని ఊహించనక్కరలేదు, కొలవవచ్చు. బ్యాటరీని పూర్తిగా నింపి, గడియారం చూసుకొని పది నిమిషాలు ఎగరవేయాలి. తిరిగి ఛార్జి చేసి, ఛార్జర్ తెర మీద ఎంత లోపలికి వెళ్లిందో చూడాలి. ఉదాహరణకు 300 అని చూపితే, ఆ తీరుగా ఎగరవేసినప్పుడు పది నిమిషాలకు 300 మిల్లీ ఆంపియర్-గంటలు ఖర్చవుతున్నదన్నమాట. నికెల్ రకాలలో కొంత వేడిగా పోతుంది గనుక అంకె అసలు ఖర్చు కంటె కొంచెం ఎక్కువ చూపుతుంది. ఆ పొరపాటు మన క్షేమానికే.

ఇక బ్యాటరీ నిజమైన సామర్థ్యంలో సగానికి మించి వాడకూడదన్న నియమం పెట్టుకొంటే లెక్క సులభం. కొలిచిన సామర్థ్యం 1800 అయితే అందులో సగం 900. ఒక్కొక్క ఎగురవేతకు 300 చొప్పున మూడుసార్లు ఎగరవేసి ఆపాలి. నాలుగవసారికి మళ్లీ నింపాలి. సర్వోలు మార్చినా, విన్యాసాలు ఎక్కువైనా లెక్క మళ్లీ మొదటి నుండి వేయాలి.

తీగలు, స్విచ్చి, అమరిక

మంచి బ్యాటరీ కూడా చెడ్డ తీగ వెనుక నిరుపయోగం. ఈ క్రింది జాగ్రత్తలు తప్పనిసరి.

టార్చిలైటులో వలె స్ప్రింగుల మధ్య సెల్లులు బిగించే ప్లాస్టిక్ పెట్టెను హెలికాప్టర్‌లో ఎన్నడూ వాడరాదు. ఇంజను అదురుకు స్ప్రింగు ఒక్క క్షణం విడిపోయినా విద్యుత్తు తెగిపోతుంది. సెల్లులను కలిపి వెల్డింగ్ చేసిన బ్యాటరీనే కొనాలి.

బ్యాటరీ చుట్టూ స్పాంజి చుట్టి, వెల్‌క్రో పట్టీతో కట్టాలి. తీగలు లోహపు అంచులకు గాని, కార్బన్ పలకల అంచులకు గాని రాసుకోకుండా చూడాలి.

పాత నికెల్ బ్యాటరీల నలుపు తీగ లోపలి రాగి క్రమంగా నల్లబడి, నిరోధం పెరుగుతుంది. పై తొడుగు కొద్దిగా వలిచి చూడాలి. రాగి ఎర్రగా మెరవకుండా నల్లగా ఉంటే తీగను, దానితోపాటు స్విచ్చి తీగను కూడా మార్చాలి.

శక్తిమంతమైన సర్వోలుంటే బ్యాటరీ నుండి రిసీవర్‌కు రెండు జోడు ముక్కల ద్వారా విద్యుత్తు ఇవ్వడం మేలు. ప్రవాహం రెండు దారులలో పంచుకోబడి నష్టం తగ్గుతుంది.

రిసీవర్‌లో ఖాళీ గూటికి తగిలించే కెపాసిటర్ క్షణకాలపు వోల్టేజీ తగ్గుదలను కొంత పూడ్చుతుంది. ఖాళీ అయిన బ్యాటరీకి అది ప్రత్యామ్నాయం కాదు.

ఎగరవేసే ముందు, మధ్యలో, తరువాత

మైదానంలో మొదట ట్రాన్స్‌మిటర్, తరువాత రిసీవర్ స్విచ్చి వేయాలి. ఆపేటప్పుడు మొదట రిసీవర్, తరువాత ట్రాన్స్‌మిటర్. ఇంజను ప్రారంభించక ముందే రిసీవర్ ఖాళీ గూటికి వోల్టుమీటరు తగిలించి, ట్రాన్స్‌మిటర్ కర్రలను రెండింటినీ అన్ని వైపులకూ వేగంగా తిప్పాలి. విద్యుత్ హెలికాప్టర్ అయితే ముందు మోటారు తీగలు విడదీయాలి. సర్వోలు కదులుతుండగా మీటరు ఎంతవరకు దిగుతున్నదో అదే భారం మీది వోల్టేజీ. నిన్నటి కంటె నేడు ఎక్కువగా దిగితే కారణం తెలిసేవరకు ఎగరవేయరాదు.

నికెల్ బ్యాటరీకి 1 ఆంపియర్ వంటి స్థిరమైన భారం పెట్టి కొలిచే చిన్న మీటర్లు దొరుకుతాయి. ఆ భారం మీద సెల్లుకు 1.2 వోల్టుల కంటె తగ్గితే, అనగా నాలుగు సెల్లులకు 4.8, ఐదింటికి 6 కంటె తగ్గితే ఆ రోజుకు ఆపాలి. లిథియం-పాలిమర్‌ను విశ్రాంతిలో కొలిచినా ఉపయోగమే. రెండు సెల్లులకు 7.6 వోల్టుల వద్దకు వచ్చిందంటే సుమారు సగం అయిపోయినట్లు లెక్క.

లైఫ్ బ్యాటరీ విషయంలో మాత్రం మీటరు మోసగిస్తుంది. ఇదే పైన చెప్పిన చిక్కు. ఛార్జర్ నుండి తీసినప్పుడు 7.2 వోల్టులు ఉన్నా త్వరలోనే 6.6 దాపుకు దిగి, చివరి వరకు దాదాపు అక్కడే నిలుస్తుంది. ఆపైన ఒక్కసారిగా పడిపోతుంది. వోల్టేజీ తగ్గిందని మనకు తెలిసేసరికి బ్యాటరీ దాదాపు ఖాళీ. కాబట్టి లైఫ్ వాడేవారికి వోల్టుమీటరు కంటె ఛార్జర్ చూపే మిల్లీ ఆంపియర్-గంటల లెక్కే శరణ్యం.

హెలికాప్టర్‌కు బిగించే చిన్న దీపాల సూచిక, వోల్టేజీ తగ్గినప్పుడు మోగే బజర్ చౌకైనవి, ఉపయోగకరమైనవి. అయితే దీపం గాలిలో కనిపించదు. టెలిమెట్రీ ఉన్న రేడియోలు రిసీవర్ వోల్టేజీని ఎగురుతుండగానే చేతిలోని ట్రాన్స్‌మిటర్‌కు పంపుతాయి. హెచ్చరిక అంకెను 3.5 దాపున పెడితే అది మోగేసరికే ఆలస్యమవుతుంది. నాలుగు సెల్లుల నికెల్ బ్యాటరీకి 4.5 వంటి అంకె పెట్టుకొంటే దింపడానికి వ్యవధి ఉంటుంది.

ఒక నోటు పుస్తకం

ఇన్ని పరికరాలకు మించినది ఒక చిన్న నోటు పుస్తకం. ప్రతి బ్యాటరీకి ఒక అంకె వేసి, కొన్న తేదీ, ప్రతి ఎగురవేత నిమిషాలు, తిరిగి ఎక్కిన మిల్లీ ఆంపియర్-గంటలు, భారం మీది వోల్టేజీ రాయాలి. పాల లెక్క రాసినట్లే ఇదీ. ఎప్పుడూ 300 తీసుకొనే హెలికాప్టర్ ఒకనాడు 450 తీసుకొంటే, ఏదో సర్వో గాని దాని అనుసంధానం గాని బిగుసుకుపోతున్నదని అర్థం. ప్రమాదం జరగకముందే పుస్తకం చెబుతుంది.

సంవత్సరానికి ఒకటి రెండుసార్లు ఛార్జర్‌తోనే బ్యాటరీని నియమం ప్రకారం ఖాళీ చేసి నిజమైన సామర్థ్యం కొలవాలి. చీటీ మీది సామర్థ్యంలో 80 శాతానికి తగ్గితే దానిని ఎగిరే యంత్రంలో వాడరాదు.

ఇంటిలో ఛార్జింగ్

ఛార్జర్‌లో ప్రతి రకానికీ వేరు పద్ధతి ఉంటుంది. తెర మీద వచ్చే పేర్లు ఆంగ్లంలో పొట్టిగా ఉంటాయి: నికెల్‌కు నిమ్, నికాడ్; లిథియం-పాలిమర్‌కు లైపో; ఐరన్-ఫాస్ఫేట్‌కు లైఫ్. లైఫ్ బ్యాటరీని లైపో పద్ధతిలో పెడితే 3.6 వద్ద ఆగవలసిన సెల్లును 4.2 వరకు తోస్తుంది. ఇది ప్రమాదకరం. మీట నొక్కే ముందు రకం, సెల్లుల సంఖ్య, ప్రవాహం అనే మూడింటినీ బ్యాటరీ చీటీతో పోల్చి చూడాలి. ప్రవాహం విషయంలో, చీటీ వేరుగా చెప్పకపోతే, 2000 సామర్థ్యం గల లిథియం బ్యాటరీకి 2 ఆంపియర్లు మించరాదు.

లిథియం బ్యాటరీని గడ్డివాము దగ్గర, మంచం మీద, పూరిపాకలో ఛార్జి చేయరాదు. నాపరాయి మీద గాని, మట్టి మూకుడులో గాని పెట్టి, పక్కన బకెట్టుతో ఇసుక ఉంచి, మనిషి దగ్గర ఉండగానే చేయాలి. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జి చేయనే కూడదు. కరెంటు పోయినప్పుడు 12 వోల్టుల ట్రాక్టరు బ్యాటరీతో కూడా అనేక ఛార్జర్లు పనిచేస్తాయి. అప్పుడు ట్రాక్టరు ఇంజను ఆపి ఉంచాలి.

బళ్లారి, రాయచూరు వైపు వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మూసి ఉంచిన కారులో వేడి ఇంకా ఎక్కువ. బ్యాటరీలను అక్కడ వదలరాదు. ఎండలో వేడెక్కినదానిని నీడలో చల్లారనిచ్చి ఆపైన ఛార్జి చేయాలి. లిథియం-పాలిమర్‌ను నెలల తరబడి వాడనప్పుడు సెల్లుకు 3.8 వోల్టుల వద్ద నిలువ ఉంచాలి.

పనికిరాని బ్యాటరీలను చెత్తకుప్పలో గాని, పొలం గట్టున గాని, బావి వద్ద గాని పడవేయరాదు. కాడ్మియం నేలలోకీ నీటిలోకీ చేరుతుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ బాధ్యత వాటిని మార్కెట్లోకి తెచ్చినవారిది. అందువల్ల వాటిని అమ్మిన దుకాణానికి గాని, పట్టణంలోని సేకరణ కేంద్రానికి గాని అప్పగించాలి.

పెద్దలకు ఒక మాట

ఈ విద్య తెలియని తల్లిదండ్రులు కూడా పిల్లవాడిని మూడు ప్రశ్నలు అడగవచ్చు. సర్వోలు కదిలిస్తూ వోల్టేజీ చూశావా? కిందటిసారి ఎంత ఛార్జి ఎక్కింది? ఈ రోజు ఎన్నిసార్లు ఎగరవేసి ఆపుతావు? మూడింటికీ అంకెలతో సమాధానం వస్తే నిశ్చింతగా బీడుకు పంపవచ్చు. "బాగానే ఉన్నదిలే" అన్న సమాధానం వస్తే ఆ రోజు హెలికాప్టర్‌ను ఇంటిలోనే ఉంచడం మంచిది.